పై బడి చిరునామా

దిక్కులు నాలుగని బడిపుస్తకాలు చెబుతాయి గానీ, అల్మాటీలో కాపురం చేసేవాళ్ళకి తెలిసినవి రెండే: పైకి, కిందికి. మంచుకొండల వైపు నడిస్తే పైకి, గడ్డిమైదానం వైపు నడిస్తే కిందికి. చల్లగాలి పై నుంచి కిందికి వస్తుంది. కాలువ నీళ్ళు పై నుంచి కిందికి వస్తాయి. సలహాలు కూడా అంతే.

కంషాత్‌కి సలహాలిచ్చే ఆడపడుచు ఊరికి బాగా పైన, ఎనిమిదో అంతస్తులో ఉంటుంది. బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మొగుడి తోబుట్టువుల్ని కోడలు పేరుపెట్టి పిలవకూడదు, గౌరవంగా తనే ఒక పేరు కల్పించుకోవాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ మెడలోని పేటలు చూసి కంషాత్ ‘ముత్యాల వదిన’ అని పెట్టింది. పెట్టిననాడు అది గౌరవమే. తర్వాత్తర్వాత అందులో ఇంకేమైనా కలిసిందేమో కంషాత్‌నే అడగాలి. అడిగినా చెప్పదు.

ఆ శనివారం ముత్యాల వదిన తమ్ముణ్ణీ మరదల్నీ వెంటబెట్టుకుని ఊరి శివార్లలోని అక్‌తెరెక్‌కి వచ్చింది, ఇల్లు చూపించడానికి. అక్‌తెరెక్ పరువున్న పేట. దాని దిగువన వెడల్పాటి కాలువ. కాలువ దాటితే కామిస్తి, ఒకప్పుడు రెల్లు మొలిచిన బాడవ. అక్‌తెరెక్ పిల్లలు పై బడికి, కామిస్తి పిల్లలు కింది బడికి వెళ్ళాలి. విద్యాశాఖవాళ్ళు కాలువ వెంబడి ఉత్త గీత గీశారు. ఇళ్ళ ధరలు దాన్ని గోడగా లేపేశాయి. కంషాత్ కూతురు నురాయ్‌కి ఆరో ఏడు నిండింది. ఆకులు పండే వేళకి ఒకటో తరగతి. ఇల్లు గీతకి ఏ పక్కన దొరికితే పిల్ల చదువు ఆ పక్కన.

ఇంటిముందు నీలం గేటు గొప్పగానే ఉంది. లోపలికి వెళ్ళాక కంషాత్ ముందుగా అలమర తలుపు తీసి వాసన చూసింది. తడిసిన గోనెపట్టా వాసన. గోడమీద కాగితాన్ని బొటనవేలితో నొక్కింది. అది లోపలికి పోయి, మళ్ళీ మెల్లిగా బయటికి వచ్చింది, ఊపిరి పీల్చినట్టు. పడకగది కిటికీకి ఎదురుగా పక్కింటివాళ్ళ ఇటుక ప్రహరీ రెండు నిలువుల ఎత్తున ఉంది. మిట్టమధ్యాహ్నం దీపం వేసుకుంటే తప్ప గదిలో ఎవరున్నారో తెలియదు.

“గోడలు తట్టకమ్మాయ్,” అంది ముత్యాల వదిన. “గేటు మీద నంబరు చూడు. మనం కొనేది ఇల్లు కాదు, చిరునామా.”

“భలే చెప్పారక్కా,” అన్నాడు ఇల్లు అమ్మే ఇంటాయన. అతను ముత్యాల వదిన చెప్పుల్ని అప్పటికే గుమ్మం దగ్గర వరసగా సర్దిపెట్టాడు. మిగతావాళ్ళ చెప్పులు ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి.

“చెమ్మ కొడుతోందక్కా,” అన్నాడు కంషాత్ మొగుడు సాకెన్ నెమ్మదిగా. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషి, అందుకని రెండింటి మీదా పెద్ద పట్టింపు లేదు. అక్కగారి ముందు మాత్రం ఏ అంతస్తులోనూ నోరు లేవదు.

“చెమ్మకి మందుంది. చెడ్డ బడికి మందుందా? మా వాడి సంగతి చూస్తున్నావుగా. కొత్త అపార్టుమెంటు, అద్దాల లిఫ్టు, కింద పూలతోట, అన్నీ కట్టారు, బడి ఒక్కటే కట్టలేదు. మనవడికి ఎక్కడ సీటు దొరుకుతుందో అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నీకు దేవుడు దారి చూపిస్తుంటే నువ్వు గోడలు తడుతున్నావు. వారంలో తేల్చాలి. తరవాత నా చేతుల్లో ఉండదు.”

వారం గడువు ఇంటాయన పెట్టాడో వదిన పెట్టిందో కంషాత్‌కి అర్థం కాలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే తను పక్కింటికి వెళ్ళింది, నీళ్ళు సరిగా వస్తాయా అని అడిగే నెపంతో. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చినవాళ్ళని టీ ఇవ్వకుండా పంపకూడదు కాబట్టి కూర్చోబెట్టింది, పిడిలేని పియాలా నిండా పోసి ఇచ్చింది. నీళ్ళు వస్తాయంది. పేట మంచిదంది. ఇక్కడంతా ఎవరి పనిలో వాళ్ళుంటారంది. కంషాత్ గేటు దాటుతుండగా ఆవిడ ఒక బకెట్టు కడుగునీళ్ళు తెచ్చి వీధి కాలువలో గుమ్మరించింది. నురగా, ఉల్లిపొట్టూ, టీ పిప్పీ కలిసి కిందికి, కామిస్తి వైపు చక్కగా సాగిపోయాయి.

ఇంటికి వచ్చాక సాకెన్ బూట్లు విప్పుతూ అడిగాడు. “పక్కవాళ్ళు ఎలాంటివాళ్ళు?”

“టీ ఇచ్చింది.”

“ఎంత పోసింది?”

“నిండా.”

“అంచుదాకానా?”

“కిందికి కారేదాకా.”

సాకెన్ ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కావలసిన చుట్టానికి పియాలాలో అడుగున కొంచెమే పోస్తారు, మళ్ళీ అడగాలని, మళ్ళీ పోయాలని, ఇంకాసేపు కూర్చోవాలని. నిండా పోశారంటే, ఇది తాగి దయచెయ్యమని. “అంటే చూడగానే పంపించేసింది,” అన్నాడు.

“నోటితో అనలేదు. పరువున్న పేట కదా,” అంది కంషాత్.

*

కామిస్తి ఇంటి కబురు చెప్పింది సాకెన్‌తో పనిచేసే అతను. అదే ధర. మూడు గదులకి బదులు నాలుగు, పెరట్లో వేసవి వంటిల్లు, ఒక ఆప్రికాట్ చెట్టు. ఉన్న లోపమల్లా కామిస్తిలో ఉండటమే.

సోమవారం పొద్దున నురాయ్‌ని అవతలి ఫ్లాటులో అప్పగించి కంషాత్ టాక్సీ ఎక్కింది.

“కామిస్తికా?” అన్నాడు డ్రైవరు, అద్దంలో ఆవిణ్ణి ఎగాదిగా చూసి. “డబ్బులు ముందే ఇచ్చెయ్యక్కా. అక్కడ దిగేవాళ్ళకి కాళ్ళు భలే చురుకు.”

“నాకు మోకాళ్ళ నొప్పి బాబూ, పరిగెత్తలేను. భయపడకు.”

“అక్కడేం పని? చుట్టాలా?”

“ఇల్లు చూడ్డానికి.”

డ్రైవరు రేడియో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం, “మా అత్తగారిది కూడా అక్కడే. మనిషి మంచిదే,” అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు.

తాళంచెవి మూలమీది కొట్లో ఇచ్చారు. ఎవరు ఏమిటని అడగలేదు. కంషాత్ సంచిలో కొలిచే టేపు, పాతగుడ్డ, పెన్సిలు తెచ్చుకుంది. భూగోళశాస్త్రం చదివిన మనిషి. పట్టా బీరువాలో ఉన్నా, ఏ చోటైనా స్వయంగా కొలిస్తే తప్ప నమ్మని అలవాటు ఒంట్లో ఉండిపోయింది. గదులు కొలిచింది. అలమరలు వాసన చూసింది. ఎండిన పుదీనా, ఎలుకల వాసన. ఎలుకలకి మందుంది. గోడకాగితం నొక్కితే గోడ అడ్డుపడింది.

కిటికీల మీద చలికాలమంతా పేరుకున్న దుమ్ము. ఎండ ఎంతవరకు వస్తుందో తెలియక ఆవిడకి తోచలేదు. పెరట్లో చేతిపంపు కొట్టి, చిల్లుపడని బకెట్టు ఒకటి వెతికి, తూర్పు కిటికీ ఒక్కటీ తుడిచింది. ముందు తడిగుడ్డతో, తరవాత అక్కడే పడున్న పాత వార్తాపత్రికను ఉండచుట్టి గరగరమని రుద్దింది. అద్దం తేటపడగానే ఎండ గదిలోకి వచ్చి, ఎదురుగోడ దాకా నడిచి, అక్కడ కూర్చుంది. కంషాత్ కూడా కాసేపు కిటికీ గట్టు మీద కూర్చుంది. టేపుతో కొలవడం మరిచిపోయింది.

మురికినీళ్ళ బకెట్టు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. ముందే వీధి కాలువ. ఒక క్షణం ఆగి, వెనక్కి తిరిగి, పూతమీదున్న ఆప్రికాట్ మొదట్లో పాదు చుట్టూ పోసింది.

“ఎవరి కోడలివి తల్లీ?”

ఎదురింటి గోడవారన బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది, తెల్ల తలగుడ్డ, ఒళ్ళో పొద్దుతిరుగుడు గింజలు. ఎప్పటినుంచి ఉందో తెలియదు. కాళ్ళదగ్గరి పొట్టు చూస్తే చాలాసేపయినట్టే ఉంది.

కంషాత్ వంగి నమస్కరించి అత్తింటి ఊరు చెప్పింది. ముసలావిడ పేరు బాల్కియా అపా. ఆ వయసు ఆడమనిషిని ఎవరైనా అపా అనే అంటారు. ఎంతమంది పిల్లలు, మగడేం చేస్తాడు, అత్తగారున్నారా, మోకాలు నొప్పా నడుం నొప్పా, అన్నీ గింజకొక ప్రశ్న చొప్పున అడిగింది. అడగడం పూర్తయ్యాక ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచింది.

“సాయంత్రం మగణ్ణీ పిల్లనీ తీసుకుని మా ఇంటికి రా. కొత్తగా దిగినవాళ్ళ పొయ్యి వెంటనే రాజుకోదు. మొదటి ముద్ద వీధి పెట్టాలి. ఎరులిక్ విందు పెట్టలేదంటే మాకు తలవంపులు.”

“అపా, మేం ఇంకా...”

“మాటలతో మాంసం ఉడకదు. నాకు పనుంది,” అని ముసలావిడ లోపలికి వెళ్ళిపోయింది. మరుక్షణం లోపల్నించి కేక వినిపించింది. “ఒసేయ్ కోడలా! పెద్ద గిన్నె దించు!”

ఆ కేక పక్కింట్లో వినబడింది. పక్కింటి కేక ఆ పక్కింట్లో వినబడింది. ప్రహరీలు నడుమెత్తు కన్నా లేని పేటలో కబురుకి కాళ్ళు అక్కర్లేదు.

*

“కొన్నామని చెప్పావా?” అన్నాడు సాకెన్.

“చెప్పలేదు. కొనలేదని చెప్పబోయాను. సగం మాటే బయటికొచ్చింది.”

“ఏ సగం?”

“పనికిరాని సగం.”

వెళ్ళి, మర్యాదగా సంగతి చెప్పి, వచ్చేద్దామనుకున్నారు. గుమ్మంలోనే వేడి పిండివంటల వాసన ఎదురొచ్చింది. నేలమీద భోజనాల గుడ్డ, పొడుగాటి దస్తర్‌ఖాన్, పరిచి ఉంది. నూనెలో పొంగిన బావర్సాక్ ఉండలు రాసులుగా, వెన్న, ఎండు ఖుబానీలు, పక్కింటివాళ్ళు తెచ్చిన ఊరుగాయ, ఆ పక్కవాళ్ళు తెచ్చిన మీగడ. మధ్యలో వెడల్పాటి పళ్ళెం, పల్చటి పిండిరేకుల మీద పొగలుగక్కే మాంసం. నురాయ్ చెప్పులు విప్పీ విప్పకముందే ఎవరి పిల్లలో వచ్చి చెయ్యిపట్టుకుని లాక్కుపోయారు.

“కూర్చోండి, కూర్చోండి. సాకెన్, నువ్వు పైన, పెద్దపీట వైపు కూర్చో బాబూ,” అంది అపా.

“తాతగారూ, ముందు ఒక్క మాట...” అన్నాడు సాకెన్.

“ముందు దీవెన, తరవాత ముద్ద, ఆ తరవాత మాట,” అన్నాడు బాల్కియా అపా పెనిమిటి. ఆయన రెండు అరచేతులూ పైకి విప్పాడు. గదిలో అందరూ విప్పారు. “మీ గుమ్మం ఒరగకుండా, మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్ల ఈ వీధిలో అడుగులేసి పెద్దదై, మీ గేటు చుట్టాలతో అరిగిపోయేలా...”

కంషాత్ మగడి వంక చూసింది. సాకెన్ అరచేతులు తెరుచుకునే ఉన్నాయి. మొహం మాత్రం రెండు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులా ఉంది. దీవెన అయిపోయింది. “ఆమీన్,” అన్నాడు సాకెన్, అందరికంటే గట్టిగా. అలవాటు. పెద్దవాడి దీవెన మధ్యలో ‘కాదండీ’ అనే పద్ధతి అక్కడ ఎవరూ ఇంకా కనిపెట్టలేదు.

తరవాత ఇక చెప్పడానికి ఏముంది. తిన్నారు. అపా కోడలు టీ గిన్నె పక్కన కూర్చుని పోస్తూనే ఉంది. ఒక్కో పియాలాలో రెండు గుక్కలకి మించదు, పాలు ముందు, డికాక్షను తరవాత. అందుకున్న చెయ్యి దింపకముందే మళ్ళీ అందుకునేది. అలా ఎన్ని తాగిందో కంషాత్ లెక్కపెట్టుకోలేదు. పక్కింటావిడ తన కాన్పుల కథ పూర్తిచేసింది, ఆ పక్కావిడ బావర్సాక్‌లో పెరుగు ఎంత కలపాలో చెప్పింది, సాకెన్ ఎవరిదో కుట్టుమిషను మోటారు విప్పి మళ్ళీ బిగించాడు.

నురాయ్ ఒళ్ళంతా మట్టితో పరిగెత్తుకొచ్చింది. “అమ్మా, మన చెట్టు ఎక్కాను! మన పెరట్లో పిల్లి ఈనింది!”

“మన చెట్టు,” అని సాకెన్ దారి పొడుగునా నాలుగుసార్లు అనుకున్నాడు. బస్టాపు దగ్గర ఆగి, “అక్కకి ఎవరు చెబుతారు?” అన్నాడు.

“అక్క నీదా, నాదా?”

“తాడు తెగిన లిఫ్టులో నిలబడమను, నిలబడతాను.”

“ఇప్పుడే ఏం చెప్పక్కర్లేదు,” అంది కంషాత్, నిద్రపోతున్న పిల్లని భుజం మార్చుకుంటూ. “కడుపు నిండింది, మనసూ నిండింది, నిజమే. కానీ మాంసంతో అక్షరాలు రావు. బడి చూడకుండా నేను ఎటూ ఒప్పుకోను.” ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో నవ్వు లేదు. వీధి మంచిదని పిల్లని చెడ్డ బడిలో వేసిన తల్లి అనిపించుకోవడం కన్నా చెమ్మగోడల మధ్య దగ్గుతూ బతకడమే నయమని ఆవిడకి అనిపించింది. అలా అనిపించడం అస్సలు నచ్చలేదు.

*

మంగళవారం ముందు పై బడికి వెళ్ళింది. పాలరాతి మెట్లు, తివాచీ, అద్దాల బీరువా నిండా కప్పులు. తివాచీ మీద నడిచే తీరిక మాత్రం ఎవరికీ లేదు. గంట మోగగానే పిల్లలు గోడలు పట్టుకుని ఒకే వరసలో జరుగుతున్నారు, పెళ్ళిలో వంటశాల దగ్గర జరిగినట్టు. ఒకటో తరగతి సెక్షన్లకి అక్షరాలు పెట్టుకుంటూ పోయి, అక్షరమాల సగం దాటేశారు. మూడు పూటల బడి. చివరి పూట పిల్లలు దీపాలు పెట్టాక ఇంటికి వస్తారు.

పేర్లు రాసుకునే గదిలో కళ్ళజోడు ఆవిడ తలెత్తకుండా అడిగింది. “చిరునామా?”

కంషాత్ నీలం గేటు ఇంటి నంబరు చెప్పింది.

ఆవిడ తలెత్తింది. కళ్ళజోడు తీసింది. “ఆ ఇల్లా? అమ్మా, అది ఇల్లా, సత్రమా? ఈ ఏడు ఒకటో తరగతికి ఆ ఒక్క గుమ్మం నుంచే నలభైమంది దాకా వస్తున్నారు. మూడు గదులట. పిల్లల్ని బట్టలతాడు మీద ఆరేస్తారేమో రాత్రిళ్ళు.”

“అంతమంది ఉంటారా?”

“కాగితం మీద. ఆ ఇంటాయన తలకింత అని తీసుకుని ఉంటున్నట్టు రాయిస్తాడు. ఇప్పుడు తనిఖీ అంటున్నారుగా, అమ్మేసి తప్పుకుంటాడట. కొనేవాడెవడో గానీ, వాడి మొహాన ఆ నలభైమంది తల్లిదండ్రులూ ఉంటారు. బయటికి పంపితే తిట్లు, పంపకపోతే కేసు.” మాట్లాడే మనిషి దొరికినందుకు ఆవిడ ఉత్సాహంగా ముందుకి వంగింది. “మొన్న శుక్రవారం ఒక పెద్దావిడ వచ్చింది, మనవణ్ణి రాయించడానికి. అదే ఇల్లు. ఇంక ఆ ఇంటి మీద ఎవర్నీ రాయలేనమ్మా అంటే, దర్జాగా మెడ సవరించుకుని, ‘ఆ ఇల్లు మా తమ్ముడు కొనేశాడు. మాది సొంత ఇల్లు, అద్దె చిరునామా కాదు’ అంది. ఏం చేస్తాం, రాసుకున్నాం.”

శుక్రవారం. సాకెన్ ఆ ఇంటి గేటైనా చూసింది శనివారం.

కంషాత్ తలుపులోంచి కనబడే అద్దాల బీరువాలోని కప్పులు చూసింది. “ఆవిడ మెడలో ముత్యాలు ఒంటిపేటా, రెండు పేటలా?”

“రెండు పేటలు. తెలుసా మీకు?”

“రెండు పేటలయితే కొనేసే ఉంటాడు,” అని కంషాత్ లేచింది.

మెట్లు దిగుతుంటే ముందు కోపం వచ్చింది. సగం మెట్లకి వచ్చేసరికి, కొత్త అపార్టుమెంటులో కళ్ళనీళ్ళు పెట్టుకునే కోడలూ, ఆ మనవడూ గుర్తొచ్చారు. అల్దియార్ అని, ముందుపళ్ళు ఊడిన పిల్లవాడు, నురాయ్ ఈడువాడు. ఆఖరి మెట్టు దగ్గర నవ్వు వచ్చింది. ఆ పిల్లవాడికి సీటు నిలబడాలంటే ఇల్లు తమ్ముడిదే కావాలి. అందుకని తమ్ముడు కొనాలి. అందుకని గోడలు తట్టకూడదు.

అక్కణ్ణించి కాలువ వంతెన దాటి కింది బడికి నడిచింది. దారి పొడుగునా దిగుడే. వ్యాయామశాల పైకప్పు మీద రేకు లేచి టపటపలాడుతోంది. లోపల వసారాలో ఒక పంతులమ్మ పిల్లల చేత డబ్బాల్లో ఉల్లిగడ్డలు నాటిస్తోంది. తరగతిలో వెనక రెండు వరసలు ఖాళీ. ఒక పిల్లవాడు లేచి పుస్తకంలో పేరా చదివాడు. మధ్యలో తడబడ్డాడు. పంతులమ్మ అందించలేదు, తొందరపెట్టలేదు, డబ్బాలో మట్టి అదుముతూ ఆగింది. వాడే దారి వెతుక్కుని చివరిదాకా వెళ్ళాడు. పై బడిలో అంతసేపు ఆగడానికి ఎవరికి తీరుతుందని అనుకుంది కంషాత్.

“మీరు కామిస్తికి వస్తున్నారా? వచ్చి, ఇక్కడే వేస్తారా?” పంతులమ్మకి నమ్మకం కుదరలేదు. “ఇక్కడివాళ్ళంతా పైన చిరునామాలు కొనుక్కుని పోతారు. మాకు జాగా మిగుల్తుంది. ఒకటే పూట. మధ్యాహ్నానికి ఇంటికెళ్ళి అన్నం తింటారు.”

“లోపాలు కూడా చెప్పండి. నేను ఇల్లు కొనేదాన్ని, పొగడ్తలు చాలానే విన్నాను.”

పంతులమ్మ నవ్వింది. “కప్పు కారుతుంది. చలికాలం నుంచి ఇంగ్లీషు టీచరు లేదు. నా చేతిరాత బాగుండదు.”

కంషాత్ ఆ మూడింటినీ టేపు చుట్టినట్టు చుట్టి సంచిలో వేసుకుంది. ఇంగ్లీషు లోటు బరువుగానే తగిలింది. కానీ మధ్యాహ్నం అన్నం అవతలి పళ్ళెంలో అంతకన్నా బరువు తూగింది.

*

ఇల్లు కామిస్తిలోనే అని మొగుడూ పెళ్ళాం తేల్చుకున్నాక, బుధవారం సాయంత్రం కంషాత్ వెళ్ళి బెంచీ మీద బాల్కియా అపా పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పేసింది. “అపా, మేం ఆ రోజుకి ఇల్లు కొనలేదు. మీరు పొరపాటు పడ్డారు. మేం చెప్పకుండా తినేశాం.”

“తెలుసు,” అంది ముసలావిడ, గింజ కొరుకుతూ.

“ఏం తెలుసు?”

“కొన్నవాళ్ళు వస్తూనే పొయ్యి రాజేసి చూసుకుంటారు. కొననివాళ్ళు టేపు తెచ్చుకుంటారు.”

“తెలిసి ఎరులిక్ ఎందుకు పెట్టారు మరి?”

“వినలేదూ, ఇల్లు కొనకు, పొరుగు కొనుక్కో అంటారు. ఎంచుకునే హక్కు కొనేవాళ్ళకేనా? ఇల్లమ్మినవాడు డబ్బు జేబులో వేసుకుని పోతాడు. పక్కన బతకాల్సింది మేం. నీకు ముందు ఒకాయన వచ్చాడు. కారు దిగకుండా హారను కొట్టి నన్ను పిలిచాడు. పిలిచాడు కదా అని టీ ఇచ్చాను.”

“ఎంత పోశారు?”

“గట్టు తెగేదాకా.”

కంషాత్ పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. “నాలో ఏం చూశారు?”

“అద్దం కడిగిన నీళ్ళు చెట్టుకి పోశావు. ఎవరూ చూడట్లేదనుకుని కూడా పోశావు. పైనున్నవాళ్ళకి ఇది మురుక్కాలువ. మాకిది తోట.” ముసలావిడ చేతిలోకి గుప్పెడు గింజలు వంపింది. “ఎవరినీ బలవంతం చెయ్యలేదమ్మా. భోజనం పెట్టాను. తిని పారిపోయేవాళ్ళు పారిపోవచ్చు.”

నాలుగు రోజులుగా టేపు పట్టుకుని రెండు పేటలూ కొలిచేస్తున్నాననుకుంది తను. ఎదురు బెంచీ మీద ఇంకో టేపు నడుస్తోందని తెలియదు. కంషాత్ గింజలు కొరుకుతూ ఆ సంగతి కాసేపు ఆనందంగా నమిలింది.

అప్పుడే టాక్సీ ఆగింది. ముత్యాల వదిన దిగింది. ఆవిడ వెనకే, తప్పుచేసిన బడిపిల్లాడిలా సాకెన్. ఫోనులో చెప్పేసి ఉంటాడు.

“ఇదా!” అంది వదిన, మడమెత్తు చెప్పులు మట్టిలో దిగకుండా నిలబడి. “పగలు దొంగలు, రాత్రి కప్పలు! అక్కడ చెట్టంత చిరునామా చూపిస్తే ఇక్కడ చెట్టు చూసి పడిపోతారా? సాకెన్, నేను చస్తే ఒప్పుకోను. ఐదు నిమిషాలు కూడా ఉండను ఇక్కడ.”

“ఐదు నిమిషాలు చాలమ్మా, టీకి,” అని బాల్కియా అపా అప్పటికే గేటు తీసి పట్టుకుంది. తెల్ల తలగుడ్డ ముసలావిడ గేటు తీసి నిలబడితే లోపలికి వెళ్ళకుండా ఉండే ధైర్యం ఎనిమిదో అంతస్తులోనూ దొరకదు.

దస్తర్‌ఖాన్ పరిచారు. అపా టీ గిన్నెనూ పియాలాల్నీ కోడలి ముందు నుంచి కంషాత్ ముందుకి జరిపింది. “ఈ వీధికి కొత్త కోడలివి నువ్వు. ఇవాళ నువ్వు పోస్తావు.”

కంషాత్ ముత్యాల వదిన పియాలా చేతిలోకి తీసుకుంది. పాలు పోసింది. టీ గిన్నె వంచింది. సన్నటి ధార మొదలైంది. దాన్ని అలాగే వదిలేస్తే నిండుతుంది, నిండి, పైకి ఉబికి, కిందికి కారుతుంది. ఒక్క మాట అనక్కర్లేదు. గదిలో అందరికీ అర్థమవుతుంది. ముఖ్యంగా ఆవిడకి. సాకెన్ ఆ ధార వంకే చూస్తున్నాడు.

కంషాత్ మణికట్టు తిప్పింది. అడుగున రెండు గుక్కలు. రెండు చేతులతో అందించింది.

వదిన తాగింది. తిట్టింది. పియాలా జరిపింది. కంషాత్ పోసింది. వదిన పై బడి గొప్పలు చెప్పింది. జరిపింది. పోసింది. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. అపా మధ్యలో మనవల సంగతి అడిగితే వదిన గొంతు కొంచెం తగ్గింది. కోడలి ఉద్యోగం, కొడుకు ఉద్యోగం, పిల్లవాణ్ణి చూసేవాళ్ళు లేకపోవడం, అన్నీ బయటికొచ్చాయి. ఆఖరికి నిట్టూర్చి, “ఎవరి తలరాత వాళ్ళది. చాలు,” అని, పియాలాను పక్కకి పడుకోబెట్టబోయింది. అలా పడుకోబెడితే ఇంక పోయకూడదు, మాటలూ అయిపోయినట్టే.

“వదినా,” అంది కంషాత్ మెత్తగా. “కింది బడిలో ఒకటో తరగతికి ఇంకా చోటుంది. మీవాడి అపార్టుమెంటుకి పై బడి కన్నా అదే దగ్గర. మన అల్దియార్‌కి తమ్ముడి ఇంటి చిరునామా కావాలని మీరు ఇదివరకే బడిలో చెప్పారటగా. ఇల్లొక్కటే మారింది. తమ్ముడు అదే తమ్ముడు.”

సాకెన్ అక్క వంకా పెళ్ళాం వంకా మార్చి మార్చి చూశాడు. అతనికి ఏమీ తెలియదు. తెలియకపోవడమే మంచిదని మాత్రం తెలిసింది.

ముత్యాల వదిన చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి, సవరించుకోకుండానే కిందికి వచ్చింది.

“వట్టి చిరునామా కాదు,” అంది కంషాత్. “వాడూ నురాయ్ కలిసి వెళ్ళొస్తారు. మధ్యాహ్నం అన్నం నేను పెడతాను. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్తుంది. ఇంగ్లీషు మాత్రం మీరే చెప్పాలి. టీచరు లేదు. పాతికేళ్ళు చెప్పారు కదా మీరు.”

ఎదురింటి పెరట్లోంచి పిల్లల అరుపులు వినిపించాయి. పిల్లి తన పిల్లల్ని వేసవి వంటింట్లోకి మార్చిందట. వదిన కిటికీలోంచి అటు చూసింది. ఎదురింటి తూర్పు గదికి ఒకే ఒక్క అద్దం తళతళలాడుతోంది. మిగతావి మట్టికొట్టుకుని ఉన్నాయి.

“ఆ తక్కిన కిటికీలు ఎవరు తుడుస్తారు?” అంది.

“ఆదివారం తుడుద్దామనుకుంటున్నాం.”

“వార్తాకాగితంతోనేనా? గీతలు పడతాయి. నేను మంచి గుడ్డ తెస్తాను.” సగం వాలిన పియాలాను ఆవిడ నిలబెట్టింది. వేలి కొసతో దస్తర్‌ఖాన్ మీదుగా మరదలి వైపు నెట్టింది.

“కొంచెమే పొయ్యమ్మాయ్,” అంది. “ఇప్పుడప్పుడే లేవను.”